జూన్ 30 నాటి సభ్యులు

జూలై మాసము ప్రవేశించినదనుటకు మన జిల్లా పత్రికల పుటలకన్న ప్రబలమైన సాక్ష్యము వేఱొకటి యక్కఱలేదు. ఆ మాసము మొదటి వారము నుండి శ్రావణము వచ్చువఱకు, ప్రతిదినమును ఏదో యొక పట్టణమున, ఏదో యొక రోటరీ క్లబ్బునకో లయన్స్ క్లబ్బునకో నూతన కార్యవర్గము పదవీ ప్రమాణ స్వీకారము చేసినట్లు వార్తయు, ఆ వార్తకు పైన ఛాయాచిత్రమును ప్రకటితములగుచుండును: కల్యాణమండపపు వేదికపై వరుసగా కుర్చీలు, కుర్చీకొక శాలువ, శాలువకొక జ్ఞాపిక, నడుమ మెడలో పతకపు గొలుసుతో నూతనాధ్యక్షుడు, ఆయన ప్రక్కన క్లబ్బుల జిల్లా గవర్నరు గాని, గవర్నరు పంపిన పూర్వ గవర్నరు గాని. వార్తలోని చివరి వాక్యము మాత్రము ఏ సంవత్సరమునను మాఱదు. రానున్న యేడాదిలో సభ్యుల సంఖ్యను గణనీయముగ పెంచుట తమ ప్రథమ లక్ష్యమని నూతనాధ్యక్షుడు ప్రకటించును, సభవారు కరతాళధ్వనులు చేయుదురు, తరువాత విందు జరుగును. గడచిన ముప్పది యేండ్లుగా ఈ వేదికలపై చేసిన ప్రతిజ్ఞలన్నియు అక్షరాల నెరవేరియుండినచో, నేడు మన పట్టణములలో సేవ చేయువారే తప్ప సేవ పొందుటకు ఒక్కడైనను మిగిలియుండెడివాడు కాడు.

ఇట్లంటినని క్లబ్బుల యెడ నాకు అనాదరమున్నదని యెవ్వరును తలపవలదు. అర్ధరాత్రి వేళ మరణము సంభవించిన యింటికి ఫ్రీజరు పెట్టె పంపువారెవరు, శ్మశానమునకు వైకుంఠ రథము నడిపించువారెవరు, వేసవిలో బస్టాండు ఎదుట మజ్జిగ చలివేంద్రము పెట్టువారెవరు, కంట శుక్లములు గల వృద్ధులను పల్లెల నుండి తెచ్చి శస్త్రచికిత్స చేయించి మరల ఇంటికడ దిగబెట్టువారెవరు అని ఏ పట్టణముననైన విచారించి చూడుడు. సమాధానములలో పెక్కు ఈ క్లబ్బుల పేరనే వచ్చును. ఇన్ని పనులకు మనుష్యులు కావలెను. మనుష్యులు కావలెనన్నప్పుడు ఎందరు కావలెనో ముందుగ లెక్క వేసికొనుటయు యుక్తమే. కావున లక్ష్యము పెట్టుకొనుట తప్పని నేననను. ఆ లక్ష్యమును ఏ తేదీన కొలుచుచున్నాము, ఎవరిని కొలుచుచున్నాము అన్న చోటనే నాకు పేచీ. చేరినవారిని లెక్కించుట మాని, చేరిన యేడాదికి తరువాత పనిలో నిలిచియున్నవారిని లెక్కించినగాని ఈ సంఖ్యల కర్థము లేదని నా యభిప్రాయము.

ఈ రెండు సంస్థలకును సంవత్సరము జూలై 1న మొదలై జూన్ 30తో ముగియును. క్లబ్బు అధ్యక్షుని పదవీకాలము ఒక్క యేడు; జిల్లా గవర్నరు పదవీకాలమును ఒక్క యేడే; అంతర్జాతీయాధ్యక్షునికి సైతము అంతకు మించిన గడువు లేదు. రోటరీలో కేంద్ర కార్యాలయమునకు తలకింతయని కట్టవలసిన రుసుము ఏటికి రెండు పర్యాయములు, జూలై 1నను జనవరి 1నను పట్టికలో నున్న పేర్లను బట్టి నిర్ణయింపబడును. ఈ సంగతులను ఒకచోట చేర్చి చూచినవానికి మిగిలిన కథ యెవ్వరును చెప్పనక్కఱలేదు. తన యేటి ఘనత యంతయు జూన్ 30 నాటి సంఖ్యయందే యున్నది గనుక అధ్యక్షుడు ఆ లోపల పేర్లు చేర్చును. ఆ పేర్లకు తరువాతి రుసుము కట్టవలసినవాడు తన స్థానమున వచ్చువాడు గనుక వానిని తుడిచివేయు భారము ఆ వచ్చినవాని నెత్తిన పడును. గత సంవత్సరము ఘనముగ పెరిగిన క్లబ్బు ఈ సంవత్సరము తొలి మాసములలోనే చిక్కిపోవుటయు, ఆ లోటును పూడ్చుటకు మరల మే, జూన్ మాసములలో పరుగులు పెట్టుటయు ఇందువలననే. మనుష్యుల దోషము కొంత లేకపోలేదు గాని, పంచాంగపు దోషము అంతకన్న నధికము.

ఆ పరుగెట్లుండునో యొకమారు కన్నులార చూచుట తటస్థించినది. కృష్ణా డెల్టాలోని యొక పట్టణమున, జూన్ చివరి వారమున, బట్టల దుకాణములో గల్లాపెట్టె ముందు కూర్చుండి యొక క్లబ్బు కార్యదర్శి ఫోనులు చేయుచుండెను. ఒక చేత్తో ధోవతుల బిల్లు వ్రాయుచు రెండవ చేత్తో నంబర్లు నొక్కవలసి వచ్చుటచేత స్పీకరు పెట్టియుండెను గనుక ఇరుప్రక్కల సంభాషణయు దుకాణములోని వారందఱకును వినబడుచునే యుండెను. “బావగారూ, పుట్టినతేదీ, మెయిల్ ఐడీ వాట్సప్‌లో పెట్టెయ్యండి, చాలు. మీటింగులకి రానక్కర్లేదు. డబ్బు సంగతి మా ప్రెసిడెంటుగారు చూసుకుంటారు.” అవతలి బావగారు ఒక క్షణము ఆలోచించి, “అలాగే గానీ, ఇంతకీ ఏ క్లబ్బండీ?” అని యడిగెను. కార్యదర్శి నవ్వెను, దుకాణములోని గుమాస్తాలును నవ్విరి, బావగారి పేరు మాత్రము కాగితముపై నెక్కెను. ఆ కాగితమున అప్పటికే తొమ్మిది పేర్లుండెను. ఆ కార్యదర్శి దుష్టుడు కాడు. రక్తము కావలెనన్న ఏ వేళనైన దుకాణము మూసి ఆసుపత్రికి పోవువాడని ఆ యూర నందఱును చెప్పుదురు. అట్టివాని జూన్ మాసమును అట్టి పనికి వెచ్చింపజేసినది ఎవరో పైనుండి పంపిన లక్ష్యము.

ఈ యుద్యమముల పుట్టుకనే పరిశీలించినచో సంఖ్యకును సేవకును గల సంబంధము మఱింత స్పష్టమగును. 1905 ఫిబ్రవరి 23న షికాగో నగరమున యూనిటీ బిల్డింగు 711వ గదిలో నలుగురు సమావేశమైరి: న్యాయవాది పాల్ హారిస్, బొగ్గు వ్యాపారి సిల్వెస్టర్ షీలే, గనుల ఇంజనీరు గుస్తావస్ లోర్, దుస్తులు కుట్టించు వర్తకుడు హైరమ్ షోరీ. రోటరీ జన్మవృత్తాంతముగ ఈ నాలుగు పేర్లును ప్రతి ప్రమాణ స్వీకారోత్సవమునను వినబడుచునే యుండును. కాని ఆ నలుగురిలో లోర్, షోరీలిరువురును కొలది సంవత్సరములలోనే క్లబ్బు నుండి తొలగిపోయిరన్న సంగతి ఆ యుపన్యాసములలో రాదు. స్థాపకులలోనే సగము మంది నిలువలేదన్నప్పుడు, నిన్న చేరినవాడు రేపు కానరాకుండుట వింత కాదు.

ఆ తొలి క్లబ్బు నియమములలో పరోపకారప్రసక్తియే లేదు. సభ్యుల వ్యాపారాభివృద్ధి, సభ్యులలో పరస్పర స్నేహము, ఈ రెండే దాని యుద్దేశములు. 1906లో ఫ్రెడరిక్ ట్వీడ్ అను సభ్యుడు డొనాల్డ్ కార్టర్ అను పేటెంటు న్యాయవాదిని క్లబ్బులో చేరుమని యాహ్వానించెను. కార్టరు ఆ నియమములను చదివి, సభ్యులకు తప్ప మఱెవ్వరికిని ఉపకరింపని సంఘమున తాను చేరనని చెప్పెను. ట్వీడ్ నొచ్చుకొని పేరు కొట్టివేసి మఱియొకని కొఱకు బయలుదేరలేదు. నియమములను మార్చుటకు కార్టరునే సాయపడుమని కోరెను. నగరహితమును గూడ క్లబ్బు ఉద్దేశములలో చేర్చిన పిమ్మటనే కార్టరు సభ్యుడయ్యెను. షికాగో నడిబొడ్డున ప్రజలకొఱకు మరుగుదొడ్లు కట్టింపవలెనని 1907లో వారు చేపట్టిన ప్రయత్నమే ఆ క్లబ్బు తొలి ప్రజాసేవ. నేడు లోకమంతట రోటరీ యనగానే స్ఫురించు సేవాభావము, విచారించి చూడగా, చేరనని చెప్పిన యొకడు పెట్టిన భిక్ష. ట్వీడ్ చేతిలో జూన్ 30 లోపల పదిమందిని చేర్చవలెనను ఉత్తరువుండినచో ఆ సంభాషణ యంతటితోనే ముగిసియుండెడిది. మన జిల్లాలలో చేరనన్నవాడు చెప్పిన కారణమును కాగితముపై వ్రాసికొనిన క్లబ్బులెన్ని యుండునో నాకు సందేహమే.

లయన్స్ సంస్థ కథయును ఇట్టిదే. 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ అను బీమా వ్యాపారి పూనికచే పుట్టిన ఆ సంస్థ, 1925లో ఒహాయో రాష్ట్రమున సీడార్ పాయింటు మహాసభలో హెలెన్ కెల్లర్ చేసిన విజ్ఞప్తితో అంధుల సేవను తన ప్రధాన వ్రతముగ స్వీకరించెను. నేటికిని మన యూళ్ళలో లయన్స్ పేరు వినగానే సామాన్యునికి కంటి శిబిరమే స్ఫురించుటకు కారణమిదియే. పని ముందు, ప్రఖ్యాతి తరువాత, సభ్యులు ఆ వెనుక. ఈ వరుసను తలక్రిందులు చేయుటవలననే చిక్కులన్నియు వచ్చుచున్నవి.

ప్రపంచపు లెక్కలను చూతము. రెండు దశాబ్దములకు పైగా రోటరీ సభ్యుల సంఖ్య పన్నెండు లక్షల చుట్టుపట్లనే తిరుగుచున్నది. 2021-22లో కలకత్తాకు చెందిన శేఖర్ మెహతాగారు అంతర్జాతీయాధ్యక్షులై, ప్రతి సభ్యుడును ఒక్కొక్కరిని తోడ్కొని రావలెనని పిలుపునిచ్చి, పదమూడు లక్షలు తమ లక్ష్యమని ప్రకటించిరి. పిలుపు అక్షరాల నెరవేరినచో సంఖ్య ఇరువది నాలుగు లక్షలు కావలసినది. లక్ష్యము పదమూడే యని చెప్పుటలో పిలుపిచ్చినవారికిని లోకజ్ఞానము కలదని తేలుచున్నది. ఏడు ముగిసెను, సంఖ్య మరల పన్నెండు లక్షల చెంతనే నిలిచెను. చేరువారు లేక కాదు. ఏటేట లక్షకు పైబడి చేరుచునే యున్నారు, రమారమి అంతమందియు మఱియొక ద్వారమున వెడలిపోవుచున్నారు. లయన్స్ వారు 2023 జూలైలో మఱియొక పద్ధతి నవలంబించిరి. 2027 జూన్ నాటికి పదునైదు లక్షలని నాలుగేండ్ల గడువు పెట్టుకొనిరి. ఒక్క యధ్యక్షుని యేలుబడికి గాక వరుసగా నలుగురి భుజములపై ఆ భారము నుంచుటవలన, చేర్చినవాడు పోయి తుడిచినవాడు వచ్చు నాటకమునకు కొంత యడ్డుకట్ట పడునని నా యాశ. ఐనను ఆ నాలుగేండ్ల గడువును క్లబ్బులకు చేరునప్పటికి మరల ఒక్కొక్క యేడుగా నాలుగు ముక్కలు చేసి పంచినచో, పాత జాడ్యమే కొత్త పేరున వచ్చును.

లెక్క యెట్లు వికటించునో చూచుటకు ఊహకొక క్లబ్బును తీసికొందము. నలుబదిమంది సభ్యులు గలరు. బదిలీ, వార్ధక్యము, మరణము, విసుగు, ఈ నాలుగింటిచేత ఏటికి ఆరుగురు తగ్గుదురు. నలుగురిని పెంచవలెనన్న పదిమందిని చేర్పవలెను. చేర్చిన పదిమందిలో సగము మరుసటి యేటికి నిలువలేదనుకొనుడు. అప్పుడు పాతవారిలో ఆరుగురు, కొత్తవారిలో ఐదుగురు, వెరసి పదునొకొండుగురు తగ్గిరి గనుక, మరల నలుగురిని పెంచుటకు పదునైదుగురు కావలెను. ఇట్లు ఏటికేడు కష్టము పెరుగుచుండును గాని పెరుగుదల మాత్రము నాలుగు దాటదు. బదిలీని ఆపలేము, వార్ధక్యమును ఆపలేము, విసుగును ఆపవచ్చును. ఆ విసుగునకు ఔషధము వెదకుట సభ్యత్వ సంఘపు పనియని మన క్లబ్బులలో ఎవరును భావింపరు. సభ్యత్వ సంఘమనగా కొత్త దరఖాస్తులు తెచ్చు సంఘమనియే వాడుక.

సభ్యుల లక్ష్యము విషయమున తెలుగుదేశమునకు పాత యనుభవమొకటి కలదు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమై మూడు లక్ష్యములను నిర్ణయించెను: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసునకు కోటిమంది సభ్యులు, ఇండ్లలో ఇరువది లక్షల రాట్నములు. గడువు జూన్ 30. ఆ తేదీయే నేటి క్లబ్బులకును గడువగుట కాకతాళీయము. ఐనను చదువరికి చిఱునవ్వు రాకమానదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండను స్వచ్ఛంద సేవాదళము ఆ సభల యేర్పాటులలో సేవ చేసినది. సభ్యత్వ రుసుము నాలుగణాలు. జాతీయోత్సాహమా, మునుపెన్నడు నెఱుగనిది. పిలిచినవాడా, గాంధి మహాత్ముడు. ఇన్ని యనుకూలతలుండియు కోటి రూపాయల లక్ష్యము దాటినది గాని, కోటిమంది సభ్యుల లక్ష్యము ఏబది లక్షల కడ, సగము దారిలో నిలిచిపోయినది. ధనము కూడుటయే కష్టమనియు జనము కూడుట సులభమనియు లోకమనుకొనును. బెజవాడ లెక్క దానికి విరుద్ధముగ వచ్చెను. ధనమైనచో ఒకమారిచ్చి నమస్కారము పెట్టి వెడలిపోవచ్చును. సభ్యునికి మరునాడును పని యుండును.

తరువాతి ఘట్టము మఱింత విలువైనది. నాలుగణాల సభ్యులు పట్టికకే గాని పనికి రారని గ్రహించియే కాబోలు, 1924 డిసెంబరులో గాంధీజీ అధ్యక్షతను జరిగిన బెల్గాము కాంగ్రెసు, సభ్యత్వమును రూపాయలలో గాక నూలులో కొలువవలెనని తీర్మానించెను: నెలకు రెండువేల గజముల నూలు ఇచ్చినవాడే సభ్యుడు. పట్టిక ఒక్కసారిగ కుంచించుకొనిపోయినది. ఏడాది తిరుగకముందే, 1925లో, నాలుగణాల దారిని మరల తెఱవవలసి వచ్చెను. నాలుగణాలు పెట్టిన పట్టిక నిండును, పని సాగదు. రెండువేల గజములన్న పని సాగును, పట్టిక చెదరును. గాంధీజీకే లొంగని చిక్కు మన క్లబ్బు అధ్యక్షునికి ఒక్క యేడాదిలో లొంగునని గవర్నర్లెట్లు భావింతురో తెలియదు. ఐనను ఈ రెండు కొసల నడుమ చాల చోటున్నది. నెలకు రెండువేల గజములు కాకున్నను నెలకు ఒక్క పూట పని చేయువాడే సభ్యుడని యొక క్లబ్బు నియమము పెట్టుకొనినచో, అందు చేరుటకు ముందుగనే మనిషి ఆలోచించును. ఆలోచించి చేరినవాడు నిలుచును.

స్త్రీల విషయమున రోటరీ చరిత్ర వినదగినది. కాలిఫోర్నియాలోని డువార్టే యను చిన్న పట్టణపు క్లబ్బు, సభ్యులు తగ్గి క్షీణించుచుండగా, 1977లో ముగ్గురు స్త్రీలను చేర్చుకొనెను. అంతర్జాతీయ సంస్థ ఆగ్రహించి మరుసటి యేట ఆ క్లబ్బు ఛార్టరును రద్దు చేసెను. వివాదము న్యాయస్థానముల కెక్కి, 1987 మే 4న అమెరికా సుప్రీం కోర్టు డువార్టే వారి పక్షమున తీర్పు చెప్పెను. 1989లో రోటరీ నియమావళి నుండి పురుషులే యను నిబంధన తొలగెను. లయన్స్ వారును 1987లోనే ద్వారములు తెఱచిరి. సభ్యుల కఱవుతో చిన్న యూరి క్లబ్బు చేసిన సాహసము ప్రపంచ సంస్థ నియమమునే మార్చినది గనుక, సభ్యుల సంఖ్యకొఱకైన ఆరాటము ఎల్లప్పుడును నీచమైనదని నేనెట్లందును? డువార్టే వారు చేర్చుకొనిన స్త్రీలు పని చేయుటకు వచ్చిరి, అదియే భేదము.

మన పట్టణములలో దీనికి వేఱొక రూపము వచ్చినది. లయన్స్ లో కుటుంబ సభ్యత్వమను సౌకర్యము కలదు. కుటుంబములో ఒకరు పూర్తి రుసుము కట్టినచో, నలుగురి వఱకు మిగిలినవారు అంతర్జాతీయ రుసుములో సగమే కట్టవచ్చును. ఉద్దేశము మంచిది, భార్యాభర్తలు కలిసి పని చేసిన క్లబ్బులు దీనిచేత బాగుపడినవి. కాని లక్ష్యపు తఱుమున భార్య పేరు, కోడలి పేరు, చదువుకై హైదరాబాదు పోయిన కుమారుని పేరు ఒక్క సాయంకాలమున పట్టికకెక్కించుట గూడ ఈ సౌకర్యముచేతనే సాధ్యమగుచున్నది. భార్య పేరు పట్టికలో నుండును. సమావేశపు సందేశము భర్త ఫోనునకు వచ్చును. ఆమె వార్షిక విందునకు పట్టుచీర కట్టుకొని వచ్చి మొదటి వరుసలో కూర్చుండును. ఛాయాచిత్రమున “మహిళా సభ్యులు” అని వ్రాయబడును. అట్టి పట్టణముననే డ్వాక్రా సంఘపు లీడరు ఒకతె, పదుగురు స్త్రీలతో నెలనెల సమావేశము తప్పక జరిపి, హాజరు వ్రాసి, పొదుపు లెక్కలు అప్పజెప్పి, బ్యాంకు మేనేజరుతో వాదించి అప్పు తెచ్చుచుండును. సంఘమును నిలుపుటలో ఆమెకున్న నేర్పు క్లబ్బు కార్యవర్గమంతటికిని లేదు. ఆమెను క్లబ్బునకు పిలిచినవారిని నేను చూడలేదు. కుట్టుమిషన్ల పంపిణీనాడు ఎదుటి కుర్చీలలో కూర్చుండుటకు మాత్రము పిలుతురు.

ఇక కొత్తవాడు చేరిన తొలినాళ్ళు. వాని కోటునకు పిన్ను గుచ్చి, ప్రమాణము చేయించి, ఛాయాచిత్రము తీసికొందురు. ఆ రాత్రి అందఱు వానితో కరచాలనము చేయుదురు. రెండవ సమావేశమునకు వచ్చినప్పుడు, వాడు వెనుక వరుసలో ఒక కుర్చీ చూచుకొని కూర్చుండును. ముందు వరుసలోని పెద్దలు, రానున్న గవర్నరు ఎన్నికలో ఎవరి వర్గమెటువైపో చర్చించుచుందురు; వానికి ఆ పేర్లొక్కటియు తెలియవు. కార్యదర్శి గత మాసపు నివేదిక చదువును. అందు సేవా కార్యక్రమముల సంఖ్య ఘనముగ నుండును. ఆ కార్యక్రమములు ఎప్పుడు జరిగినవో వానికెవ్వరును చెప్పియుండలేదు. భోజనముకడ బిరియాని పళ్ళెముతో ఒంటరిగ నిలిచి, ఇంటికి పోయి, మూడవ సమావేశమునకు దుకాణమున పనియున్నదని సందేశము పంపును. విసుగనునది తొలిమారు అక్కడనే ప్రవేశించును. పట్టికనుండి పేరు తొలగుట ఏ పది మాసములకో జరుగును.

అట్టివానినే కంటి శిబిరమునకు తీసికొనిపోయిన క్లబ్బును గూడ ఎఱుగుదును. తెల్లవారి అయిదు గంటలకు పాఠశాల వరండాలో బల్ల వేసి, వచ్చిన వృద్ధుల పేరు, ఊరు, ఏ కన్ను అను మూడు సంగతులు చీటీపై వ్రాయు పని వానికప్పగించిరి. అంతవఱకు మోటారు విడిభాగముల దుకాణములో బేరగాండ్రతో తప్ప మాటలాడని యువకుడు, మధ్యాహ్నమునకు ఒక్కొక్క అవ్వను “మామ్మా, కుడికన్నా, ఎడమకన్నా?” అని చేయి పట్టుకొని యడుగుచుండెను. శస్త్రచికిత్సకు ఎంపికైనవారి బస్సులో వాడును ఎక్కెను; నాలుగవనాడు వారిని దిగబెట్టుటకు వెళ్ళి, చుక్కల మందు రోజుకెన్నిమారులు వేయవలెనో ఇంటివారికి చెప్పి వచ్చెను. ఒక మామ్మ మనుమని పెండ్లికి వానిని పిలిచినది. వానినిక సమావేశమునకు రమ్మని బతిమాలవలసిన యవసరము క్లబ్బునకు కలుగలేదు; తరువాతి శిబిరమునకు వాడే తన ప్రక్క దుకాణము వానిని వెంటబెట్టుకొని వచ్చెను. ఈ ప్రక్క దుకాణము వాడు ఏ లక్ష్యముచేతను చేరినవాడు కాడు.

కావున లక్ష్యమును పైనుండి శాతములలో దింపుటకన్న పనిలోనుండి పైకి కట్టుట మేలు. ఫ్రీజరు పెట్టె రాత్రింబవళ్ళు పంపవలెనన్న ఎందరు వంతులు వేసికొనవలెను? ఏటికి రెండు కంటి శిబిరములు జరుపవలెనన్న చీటీలు వ్రాయువారెందరు, బస్సు వెంట పోవువారెందరు, నెల తరువాత ఇండ్లకు పోయి చూచివచ్చువారెందరు? ఇప్పుడున్నవారిలో ఆ పనికి నిజముగ చేతులెత్తువారెందరు? ఈ రెండు సంఖ్యల వ్యత్యాసమే ఆ క్లబ్బు సభ్యత్వ లక్ష్యము. అది నాలుగు కావచ్చును, పదునాలుగు కావచ్చును. ఒకానొక క్లబ్బులో సున్న గూడ కావచ్చును, అప్పుడు సున్నయని వ్రాసికొనుటకు సిగ్గుపడరాదు. ఇట్లు కట్టిన లక్ష్యమున ఎవరిని పిలువవలెనో గూడ తేలును: రాత్రి వంతులకు ఆసుపత్రి చెంతనే యిల్లున్నవాడు కావలెను, ఇండ్లకు పోయి చుక్కల మందు సంగతి చెప్పుటకు ఆశా కార్యకర్తయో నర్సో కావలెను. బావగారి అవసరము కలుగదు.

రుసుముల మాట గూడ ఒకటి చెప్పి విడిచెదను. పేద ఉపాధ్యాయుడు, చిన్న గుమాస్తా, కాంట్రాక్టు నర్సు క్లబ్బులలో కానరాకుండుటకు కారణము వారి నిర్లక్ష్యము కాదు, హోటలు భోజనపు ఖర్చు. వారమునకొక సమావేశము తప్పనిసరి యన్న పాత కట్టడిని రోటరీ 2016లో సడలించి, నెలకు రెండు సమావేశములు చాలుననియు, సభ్యత్వ పద్ధతులను క్లబ్బులు తమకు తగినట్లు మార్చుకొనవచ్చుననియు వెసులుబాటు కల్పించెను. పంచాయతీ గ్రంథాలయములో టీ, బిస్కత్తులతో సమావేశమగు క్లబ్బు నేడు నియమవిరుద్ధము కాదు. ఐనను ప్రమాణ స్వీకారపు విందు తగ్గినదని వినలేదు.

ఇదంతయు బాగుగనే యున్నది గాని, పైనుండి ఒత్తిడి లేనిచో ఏ క్లబ్బును కదలదని అనుభవజ్ఞులనెదరు. నిజమే. పదిమంది ముదుసళ్ళు ముప్పది యేండ్లుగ అదే బల్లచుట్టు కూర్చుండి, కొత్తవారు వచ్చిన తమ కుర్చీలు పోవునని భయపడు క్లబ్బులున్నవి. అట్టివానికి అంకుశము కావలసినదే. ఒత్తిడి మానుమని నేనడుగుట లేదు, ఒత్తిడి పెట్టు తేదీని ఒక యేడు వెనుకకు జరుపుమని యడుగుచున్నాను. ఈ యేడు చేర్చినవారికి పురస్కారము ఈ జూన్ 30న గాక మరుసటి జూన్ 30న, అప్పటికి పనిలో నిలిచియున్నవారి సంఖ్యను బట్టి ఇచ్చినచో, పేర్లు పోగుచేయు ప్రయాస దానంతటదియే సడలును. అప్పటికి గవర్నరు మాఱిపోవును, అధ్యక్షుడును మాఱిపోవును గదా, ఎవరిని పిలిచి యిత్తురని యొక మిత్రుడు నన్నాక్షేపించెను. చేర్చినవానినే పిలిచి యిత్తురు; పూర్వాధ్యక్షులకు వేదికపై కుర్చీ ఎట్లును ఉండనే యున్నది. చేరినవారిని గూడ ఆయన ప్రక్కన నిలువబెట్టినచో ఛాయాచిత్రమునకు ముందే లెక్క సరిచూచుకొనవచ్చును.